నీలం దారం

అక్టోబరు 6

పిండి డబ్బా అడుగు కనిపిస్తోంది. గోధుమ రంగు మేకను అమ్మేశాం. నువైబా పట్నం నుంచి వచ్చిన మనిషి దాని నోరు తెరిచి పళ్ళు చూశాడు, కడుపు నొక్కి చూశాడు, అత్త అడిగినదాంట్లో సగం చేతిలో పెట్టాడు. బండి ఎక్కేటప్పుడు అది వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. బండిలో గడ్డి ఉంది. తింటూ వెళ్ళిపోయింది.

"పోనీలే, పాలిచ్చేది కాదు," అంది అత్త.

నిన్నటి దాకా ఇచ్చింది. మా పాప హమ్దా ఆ పాలే తాగింది.

సముద్రం ఒడ్డున గుడిసెల హోటలు వాళ్ళు పరుపులు కూడా ఎత్తుకుపోయారు. విదేశీయులు రావడం మానేశాక వాటి మీద పడుకునేది కుక్కలే. మా ఆయన ఆ హోటలుకు వచ్చినవాళ్ళని జీపులో కొండల్లో తిప్పి తెచ్చేవారు. ఇప్పుడు జీపు లేదు. దాన్ని అమ్మిన డబ్బుతోనే లిబియా వెళ్ళారు, గోడలకు సిమెంటు పూసే పనికి. రంజాన్ ముందు వరకూ ఫోన్ చేస్తుండేవారు. హమ్దాకు పళ్ళు వచ్చాయా అని అడిగేవారు.

వచ్చాయి.

ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పలికింది. మీరు పిలిచిన నంబరు అందుబాటులో లేదు అని, చదువుకున్నవాళ్ళ అరబ్బీలో, ఎంతో మర్యాదగా చెప్పింది.

అక్టోబరు 7

ఫోన్ చేశాను. ఆ అమ్మాయే.

అక్టోబరు 15

పిండి బస్తా ఖాళీ అయితే దాని గుడ్డ నాది. ఉతికి, అచ్చు రంగు పోయేదాకా ఎండలో వేస్తాను. ఈసారి దాని మీద గ్యాస్ బండ కుట్టాను. మా అమ్మ నేర్పినవి ఇవి కావు. ఖర్జూరపు మట్టలు, ఒంటె కళ్ళు, ముక్కోణాలు, ఇవే ఆవిడ నేర్పింది. అవి గౌనుల మీద కుట్టుకుంటాం, అందరం ఒకేలా. కానీ పిండి గుడ్డ ఎవరూ కట్టుకోరు. అందుకే దాని మీద నాకు ఏది కనబడితే అది కుడతాను. డిష్, టీ కెటిల్, మేక, టైరు. అదే కుట్టు, ఒక అడ్డం, దాని మీద ఇంకొక అడ్డం. కుట్టేటప్పుడు ఇంకేమీ గుర్తు రాదు. అందుకే కుడతాను.

అత్త దాన్ని ఎత్తి దూరంగా పట్టుకుని చూసింది.

"ఏమే, ఇదేంటి? దర్గానా?"

"గ్యాస్ బండ అత్తా."

"నీ తల్లి ఇది చూస్తే నీకు కుట్టు నేర్పినందుకు తల బాదుకుంటుంది. గ్యాస్ బండట. ఇంకా నయం, నన్ను కుట్టలేదు."

ఆమె పక్కన రషీద్ అమ్మ కూర్చుని ఉంది. మా ఇంటికి రెండు ఇళ్ళ అవతల వాళ్ళది. కొడుకు రషీద్ కూడా ఆయనతో పాటు ఒకే లారీలో లిబియా వెళ్ళాడు. అందుకని ఆవిడ రోజూ వస్తుంది. అత్త ఏమైనా తెలిసిందేమో అని ఆవిడ మొహం చూస్తుంది. ఆవిడా అందుకే అత్త మొహం చూస్తుంది. ఆ తరువాత ఇద్దరూ ఊళ్ళో వాళ్ళ గురించి మాట్లాడుకుంటారు.

"నిన్ను కుట్టాలంటే ఒక బస్తా చాలదులే ముసల్లం అమ్మా," అంది రషీద్ అమ్మ. అత్తను అందరూ ఆయన పేరుతోనే, ముసల్లం అమ్మా అనే పిలుస్తారు.

అత్త నవ్వింది. నేను కూడా నవ్వినట్టున్నాను.

అక్టోబరు 16

ఫోన్ చేశాను. ఆ అమ్మాయే.

అక్టోబరు 29

దహబ్‌లో దుకాణం ఉన్న కైరో ఆవిడ ఒకరు ఈ రోజు వచ్చారు. మదాం సొహా అంటారు. మా వాళ్ళ పాత గౌనులు కొనడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా దగ్గర పాత గౌనులు లేవు, ఉన్నవి ఒంటి మీదే ఉన్నాయి అని అత్త చెప్పింది. ఆవిడ వెళ్ళబోతూ, హమ్దా బట్టలు పెట్టి గోడకు తగిలించిన సంచీ దగ్గర ఆగిపోయారు. గ్యాస్ బండ గుడ్డతో నేను కుట్టిన సంచీ.

"ఇది ఎవరు చేశారు?"

నేను తలుపు వెనకాలకి వెళ్ళాను. అత్త నన్ను ముంజేయి పట్టుకుని బయటకు లాగింది.

"ఇదిగో, మా కోడలు సబ్హా. నోట్లో నాలుక లేదు, వేళ్ళల్లో ఉంది."

సొహా దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూశారు. లోపల కూడా బయటిలాగే ఉంది. ఎంతకిస్తారు అని అడిగారు. నేను మేకలకేసి చూశాను. అత్త ఒక ధర చెప్పింది. అది విని నాకే సిగ్గు వేసింది. గోధుమ రంగు మేకకు కూడా అంత రాలేదు.

"అమ్మో, పిండి బస్తా గుడ్డకా?" అన్నారు సొహా.

"గుడ్డ బస్తాదే. బండ మాత్రం కొత్తది," అంది అత్త.

సొహా నవ్వి ఇచ్చేశారు. ఇంకా నాలుగు కావాలన్నారు. హమ్దా బట్టలు కింద చాప మీద కుప్పగా పడి ఉన్నాయి. అత్త వాటి పక్కన కూర్చుని నోట్లను మోకాలి మీద చదును చేస్తూ ఉంది. చాలాసేపు చదును చేసింది.

అక్టోబరు 31

పిండి, నూనె, టీ, పప్పు. హమ్దాకు చెప్పులు. ఫోన్‌లో బ్యాలెన్స్ వేయించాను, అత్త వేయించమంది.

ఆ అమ్మాయే. ఆమెకు కూడా ఇల్లు ఉంటుందేమో. ఆమె ఎక్కడ కూర్చుని ఇన్ని సార్లు చెబుతుందో. అది యంత్రం అని నాకు తెలుసు.

నవంబరు 18

నాలుగూ ఇచ్చేశాను. ఒక దాని మీద జీపు కుట్టాను. ఎర్ర జీపు. ఆయనది తెల్లది. తెల్ల గుడ్డ మీద తెల్లది కుడితే కనిపించదు కదా, అందుకని ఎరుపు.

అత్త ఇప్పుడు అందరికీ చెబుతోంది, మా కోడలి సంచీలు విమానం ఎక్కుతాయని. నాకు ఏం కుట్టాలో కూడా చెబుతోంది.

"రషీద్ అమ్మ నోరు కుట్టు. పెద్దది. దాంట్లో ఒక సంచీ పట్టేలా."

"వినబడుతోంది," అంది రషీద్ అమ్మ, గోడ అవతల నుంచి.

"వినబడాలనే అన్నాను."

ఇలాంటి రోజున ఆయన ఫోన్ చేస్తే బాగుండేది. డబ్బు వచ్చిందని చెప్పేదాన్ని. వచ్చేయండి అని చెప్పేదాన్ని కాదు. అలా అడగడం నాకు రాదు. హమ్దాకు చెప్పులు కొన్నాం అని చెప్పేదాన్ని.

డిసెంబరు 3

సొహా వచ్చారు. అత్త కట్టెలకు వెళ్ళింది. ఆవిడ తెచ్చిన ప్లాస్టిక్ సంచీ నిండా దారం లచ్చీలు. అన్నీ నీలం. లేత నీలం, ముదురు నీలం, సిరా నీలం.

"ఈసారి పన్నెండు కావాలి సబ్హా. అన్నీ నీలంలో. ఎరుపు ఎవరూ అడగడం లేదు. తెల్ల గుడ్డ మీద నీలం అయితే ఇటలీ వాళ్ళు ఎగబడి కొంటున్నారు."

నేను టీ కెటిల్ పొయ్యి మీద పెట్టాను. ఆవిడ మళ్ళీ అడిగారు. అప్పుడు నేల చూస్తూ చెప్పాను.

"మా దగ్గర నీలం పెళ్ళికాని పిల్లలు కుట్టుకుంటారు మదాం. లేకపోతే మొగుడు పోయినవాళ్ళు. మొగుడున్న మనిషి ఎరుపే ముట్టుకుంటుంది."

"నిన్ను కట్టుకోమనలేదు కదమ్మా. కుట్టమన్నాను."

"కుట్టినా అంతే మదాం."

"ఎవరు చూస్తారు?"

మా అత్త గుండెల మీద ఉన్నది నీలమే. మామ పోయిన రోజుల్లో ఆవిడ తన గౌను ఒళ్ళో వేసుకుని ఎర్ర కుట్టంతా సూదిమొనతో ఒక్కొక్కటే ఊడదీసిందట. ఊడదీసిన చోటే నీలం కుట్టుకుందట. పాత కన్నాల్లోనే. ఇది మా పెళ్ళికి ముందు. ఆయన చెప్పారు. ఆ సంగతి సొహాకు చెప్పలేదు.

"ఎరుపువైతే నేను తీసుకోలేను సబ్హా. నా దగ్గరే మిగిలిపోయాయి. నా దుకాణానికి కూడా అద్దె కట్టాలి కదా. ఆలోచించుకో," అని దారం అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. మంచి మనిషే.

డిసెంబరు 4

దారం సంచీ పిండి డబ్బా వెనకాల ఉంది. నేను ముట్టుకోలేదు.

డిసెంబరు 9

ముట్టుకున్నాను. చూడడానికే.

డిసెంబరు 16

పిండి అయిపోయింది. నిన్న అత్త తనకు ఆకలి లేదంది. ఈ రోజు కూడా లేదంది. హమ్దాకు దగ్గు, మందుల షాపు మనిషి ఇంక అప్పు ఇవ్వనన్నాడు. మేకల్లో అమ్మదగ్గది ఒకటే ఉంది, అది కడుపుతో ఉంది.

మేకలను పైలోయకు తోలుకెళ్ళాను. అక్కడికి ఎవరూ రారు. తుమ్మ చెట్టు కింద కూర్చుని సూదిలో నీలం ఎక్కించాను. మొదటి కుట్టు వేశాను. ఏమీ కాలేదు. రెండోది వేశాను.

గ్యాస్ బండే కుట్టాను. హోటలు వాళ్ళ గ్యాస్ బండ నిజంగానే నీలం రంగు. కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. సముద్రం కూడా నీలమే, రోజూ చూస్తాం.

దారం దారమే.

డిసెంబరు 24

మూడు అయ్యాయి. వాటిని దుప్పటిలో చుట్టి పెట్టెలో అడుగున పెడుతున్నాను. అత్తకు ఎరుపు ఆర్డరే ఉందని చెప్పాను. నీ కుట్టు ఏదీ అని అడిగితే, మేకల దగ్గర కుడుతున్నాను అన్నాను. అది నిజమే.

పన్నెండూ కుడతానని కబురు పెడితే సొహా కొంత డబ్బు ముందుగానే పంపారు. హమ్దా దగ్గు తగ్గింది.

ఫోన్ చేశాను. ఆ అమ్మాయే.

జనవరి 8

రషీద్ అమ్మ తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పైలోయకు వచ్చింది. నేను చూసుకోలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా నిలబడి ఉంది. నా ఒళ్ళో నీలం. వేలికి నీలం చుట్టుకుని ఉంది.

ఆవిడ ఎప్పుడూ మాట్లాడకుండా ఉండదు. ఈ రోజు ఏమీ అనలేదు. నా ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులతో నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ తరువాత లేచి వెళ్ళిపోయింది. మేక సంగతి కూడా అడగలేదు.

నేను చిక్కిపోయానని జాలి పడి ఉంటుంది. చెప్పాల్సింది, ఇది అమ్మడానికి అని. ఆవిడ వెళ్ళిపోయాక చెప్పాను. మేకలు విన్నాయి.

జనవరి 9

ఈ రోజుది రాయకూడదు అనుకున్నాను. రాస్తాను.

పొద్దున్న అత్త రొట్టెలు కాలుస్తోంది. నేను హమ్దాకు మొహం కడుగుతున్నాను. బాటలో ఆడవాళ్ళు వస్తున్నారు. ఇళ్ళన్నిటి నుంచీ. అందరూ నల్లవే కట్టుకున్నారు. చేతుల్లో చక్కెర పొట్లాలు, టీ పొట్లాలు. ఒకావిడ బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుంది. అందరికంటే ముందు రషీద్ అమ్మ.

అత్త కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇంతమంది పొద్దున్నే ఎక్కడికే? ఎవరి పెళ్ళి?" అంది.

వాళ్ళు దగ్గరకు వచ్చారు. ఎవరూ నవ్వలేదు.

"ఎవరు పోయారు?" అంది అత్త.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రషీద్ అమ్మ నా వైపు చూసింది. నేను హమ్దా చెవి వెనక కడుగుతున్నాను. అక్కడ ఎప్పుడూ ఇసుక ఉంటుంది.

"అల్లా నీకు ఓర్పునివ్వాలి, ముసల్లం అమ్మా," అంది రషీద్ అమ్మ.

కొడుకు పేరుతో పిలిచి ఆ మాట అంది.

రేకు మీద రొట్టె మాడుతోంది. అత్త దాన్ని తియ్యలేదు. తల తిప్పి నన్ను చూసింది. ఏమైంది అని అడగలేదు. ఎవరు చెప్పారు అని అడగలేదు.

"నీకు ఎప్పుడు తెలిసిందే?" అంది.

నాకు నోట మాట రాలేదు. పెళ్ళిలో కూడా ఇలాగే అయింది, ఒప్పుకున్నావా అని అడిగితే నా బదులు మా పిన్ని చెప్పింది. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు. అత్త పొయ్యిలోకి చెయ్యి పెట్టి గుప్పెడు బూడిద తీసింది. నెత్తిన పోసుకోవడానికి. వేడిగా ఉంటుంది, చెయ్యి కాలుతుంది, అని మాత్రం అనిపించింది నాకు.

"అది అమ్మకానికి," అన్నాను.

"ఏది?"

"నీలం. అమ్మకానికి. కైరో ఆవిడకు. ఆయన గురించి ఏమీ తెలియలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు."

ఇంత పొడుగు మాట అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరూ నమ్మలేదు. లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఐదు సంచీలూ తెచ్చి వాళ్ళ ముందు ఇసుకలో పరిచాను. నీలం గ్యాస్ బండ. నీలం డిష్. నీలం మేక. నీలం జీపు. నీలం కెటిల్.

రషీద్ అమ్మ వంగి చూసింది.

"గ్యాస్ బండా?" అంది.

వెనక ఎవరో అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ అమ్మాయి తల్లి దాని వీపు మీద ఒకటి వేసింది. తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు. నేనేం చేసేదమ్మా, కళ్ళతో చూశాను, మొగుడున్నది ఎవరైనా నీలం పట్టుకుంటుందా, అని రషీద్ అమ్మ అందరికీ చెబుతోంది. ఆవిడ తప్పు లేదు. ఆవిడ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. నేనూ అనుకుంటాను.

అత్త చేతిలో బూడిద అలాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెం కారింది. మొత్తం కారిపోయాక చెయ్యి గౌనుకు తుడుచుకుంది.

"రొట్టె మాడింది," అంది.

జనవరి 11

అత్త నాతో మాట్లాడడం లేదు. హమ్దాతో మాట్లాడుతోంది. "మీ అమ్మను నీళ్ళు తెమ్మను." హమ్దా నన్ను చూసి "నీళ్ళు" అంటుంది. తెస్తాను.

వాళ్ళు తెచ్చిన చక్కెర, టీ, బియ్యం గోడ పక్కన ఉన్నాయి. చావింటికి తెచ్చిన వస్తువులు.

జనవరి 12

"మీ అమ్మను ఆ పొట్లాలు ఎవరివి వాళ్ళకు ఇచ్చి రమ్మను," అంది అత్త హమ్దాతో.

హమ్దాను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మం దగ్గరా ఒకే మాట చెప్పాను. ఆయన బతికే ఉన్నారు, ఇది మీది. ఆయన బతికే ఉన్నారు, ఇది మీది. మొదటి ఇంట్లో మెల్లగా చెప్పాను. చివరి ఇళ్ళకు వచ్చేసరికి పిండి ఉందా అని అడిగినట్టు చెప్పేశాను. నాకు ఎలా తెలుసు అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను ఆలోచించుకోలేదు.

ఎవరూ తీసుకోలేదు. ఓదార్పుకని గడప దాటిన చక్కెర తిరిగి గడప లోపలికి రాకూడదట.

"అల్లా ఆయుష్షు పెంచాలి, దాన్ని మాత్రం ఇక్కడ పెట్టకమ్మా," అంటూ ఒకావిడ తలుపు వేసేసింది. రషీద్ అమ్మ ఏడ్చింది. ఆవిడా తీసుకోలేదు. వాళ్ళబ్బాయి కూడా లిబియాలోనే ఉన్నాడు కదా.

ఆఖరికి దుకాణం మనిషికి ఇచ్చాను. అతను ఏమీ పట్టించుకోడు. ఆ చక్కెర అతని దగ్గర కొన్నదే. తీసుకుని పిండి ఇచ్చాడు.

జనవరి 15

నీలం సంచీలు, మిగిలిన దారం అన్నీ మూట కట్టాను, సొహాకు తిరిగి ఇచ్చేద్దామని. అత్త ఆ మూటను చూసింది.

"పన్నెండు ఒప్పుకున్నావా?"

నాతోనే. హమ్దా నిద్రపోతోంది.

"అవునత్తా."

"ఎన్ని అయ్యాయి?"

"ఐదు."

"నాకు చెబితే నేను చంపేస్తాననుకున్నావా?"

"నువ్వు బాధ పడతావని."

"బాధ పడకుండా చూశావు. ఊరు ఊరంతా వచ్చి నా కొడుకును నా ముందు పడుకోబెట్టింది." తరువాత చెయ్యి చాపింది. "ఇటు తే."

మూట ఇచ్చాను. విప్పి, ఒక లచ్చీ తీసి గుండెల మీద పెట్టుకుని తన కుట్టు రంగుతో సరిచూసుకుంది.

"నేను ఎలాగూ ఇందులోనే ఉన్నాను. నా చేతికి ఇది కొత్తగా అంటుకునేదేమీ లేదు. నీలం నేను కుడతాను. నువ్వు గుడ్డ మీద బొగ్గుతో గీసి ఇవ్వు. నీ చేత్తో ముట్టుకోకు. వాడు వచ్చేదాకా ముట్టుకోకు."

"సరే అత్తా."

"ఆ కైరో ఆవిడతో చెప్పు, ఎరుపువి కూడా కొన్ని తీసుకోవాలని. లేకపోతే నీలం లేదని. నువ్వు చెప్పలేవులే, నేను చెబుతాను."

ఫిబ్రవరి 2

సొహా ఒప్పుకున్నారు. అత్త ఎదురుగా కూర్చుంటే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. పది నీలానికి రెండు ఎరుపు. ఎరుపువి నావి.

మధ్యాహ్నం మేకలు నీడకు చేరాక ఇద్దరం గుమ్మంలో కూర్చుంటాం. నేను గీస్తాను, అత్త కుడుతుంది. గీత ప్రకారం కుట్టదు.

"మేకకు నాలుగు కాళ్ళు గీశాను అత్తా. మూడే కుట్టావు."

"నాలుగోది బండ వెనకాల ఉంది."

"డిష్ ఇంత పెద్దదేమిటి?"

"పెద్దదైతే ఎక్కువ దేశాలు వస్తాయి."

ఇంట్లో రెండు నెలలకు పిండి ఉంది. టమాటాలు కూడా కొన్నాం. హమ్దాకు బుగ్గలు వచ్చాయి. కడుపుతో ఉన్న మేక ఈనింది, ఆడపిల్ల.

అన్నీ బాగానే ఉన్నాయి. నేను దేనికీ సంతోషపడడం లేదని అత్త అంది. పడుతున్నాను అన్నాను.

ఫిబ్రవరి 3

ఆ అమ్మాయే.

ఫిబ్రవరి 19

ఆ అమ్మాయే.

మార్చి 10

రషీద్ వచ్చాడు. నిన్న సాయంత్రం లిబియా సరిహద్దులోని సల్లూం నుంచి వచ్చిన బండిలో దిగాడట. నీళ్ళకు వెళ్ళినప్పుడు బావి దగ్గర విన్నాను. నన్ను చూసి వాళ్ళు మాట ఆపారు. నేను రెండు డబ్బాలూ నింపుకుని వచ్చేశాను.

అత్తకు చెప్పాను. ఆవిడ అప్పటికే వినేసింది.

"అలిసిపోయి ఉంటాడు. రేపు వస్తాడు," అంది.

"అవును, అలిసిపోయి ఉంటాడు," అన్నాను.

ఈ రోజు రషీద్ అమ్మ కూడా రాలేదు. ఇంటినిండా చుట్టాలు ఉంటారు. వంట ఉంటుంది.

మార్చి 11

రాలేదు.

ఎర్ర సంచీ ఒకటి పూర్తి చెయ్యాలి. చాలా పని ఉంది. దాని మీద పడవ కుడుతున్నాను.

ఈ రోజు ఫోన్ చెయ్యలేదు. బ్యాలెన్స్ ఉంది.

మార్చి 12

రాలేదు. వాళ్ళ ఇల్లు రెండు ఇళ్ళ అవతలే. వాళ్ళ పొయ్యి పొగ మా గుమ్మంలోకి వస్తుంది. ఒకే లారీలో వెళ్ళిన మనిషి. తెల్ల జీపు మీద ఆయనతో కలిసి తిరిగినవాడు. ఆయనకు పెళ్ళిలో పక్కన నిలబడినవాడు. వచ్చినవాడు మొట్టమొదట ఈ గుమ్మంలోకే రావాలి.

జ్వరం వచ్చి ఉంటుంది. లిబియాలో నీళ్ళు మంచివి కావు అంటారు.

ఫోన్ చెయ్యలేదు.

మార్చి 13

అత్త మధ్యాహ్నం నమాజ్ చేసుకుని మంచి ముసుగు వేసుకుంది. రషీద్ వాళ్ళింటికి వెళ్ళొస్తానంది. నేనూ రానా అని అడగలేదు. నువ్వూ రా అని ఆవిడా అనలేదు.

నేను పడవకు తెరచాప కుట్టాను. తెరచాప లెక్క తప్పింది, ఒక వరస ఎక్కువ వచ్చింది. ఊడదీసి మళ్ళీ కుట్టాను. మళ్ళీ ఎక్కువ వచ్చింది. అలాగే ఉంచేశాను. వాళ్ళ ఇంటి వైపు నుంచి ఏ శబ్దమూ రాలేదు. ఏమైనా ఉంటే శబ్దం వస్తుంది. రాలేదు కాబట్టి మంచిదే అనుకున్నాను.

ఎండ కొండ వెనక్కి వెళ్ళే వేళకు అత్త వచ్చింది. చెప్పులు విడిచింది. రెండు చెప్పులూ జతగా పెట్టింది. ఎప్పుడూ అలా పెట్టదు.

"ఎలా ఉన్నాడు?" అన్నాను.

"చిక్కిపోయాడు. జుట్టు రాలిపోయింది. గుర్తు పట్టలేదు నేను."

"ఏమన్నాడు?"

"టీ ఇచ్చారు," అంది. "రషీద్ అమ్మ చక్కెర వెయ్యడం మరచిపోయింది. నేను అడగలేదు."

"మా ఇంటికి రాలేదేం అని అడిగావా?"

"వస్తాడులే. రేపు పెద్దవాళ్ళతో కలిసి వస్తాడు. ఇల్లు ఊడ్చిపెట్టు. చాపలు చాలకపోతే పక్కింట్లో అడుగు."

అది విని హమ్దాకు ముక్కు తుడిచాను. అత్త నా పక్కన కూర్చుంది. నిన్న సగంలో ఆపిన నీలం సంచీ తీసుకుంది. దాని మీద జీపు. చక్రాలు అయ్యాయి, పైభాగం మిగిలింది. ఒళ్ళో పెట్టుకుంది గానీ కుట్టలేదు. తరువాత నా ఒళ్ళోంచి పడవ ఉన్న సంచీ తీసి, సూది దానికే గుచ్చి, మడిచి తన వెనకాల పెట్టుకుంది. నీలం సంచీ నా ఒళ్ళో పెట్టింది.

"ఇక నుంచి ఇవి నువ్వు కుట్టు."

"ఇది నీలం కదత్తా."

"నా కళ్ళు ఆనడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"ఆనడం లేదని చెప్పాను కదే."

అయితే కళ్ళజోడు కొనాలి, అనుకున్నాను. సంచీల డబ్బు ఉంది. దహబ్‌లో దొరుకుతుంది. సొహాను అడిగితే తెచ్చిపెడతారు. అలా అనుకుంటూనే ఉన్నాను.

దీపం ఇంకా పెట్టలేదు. గుమ్మంలో వెలుతురు కూడా పోతోంది. అత్త నీలం లచ్చీలోంచి కొత్త దారం లాగింది. కొస పంటితో కొరికి, పెదాల మధ్య తడి చేసింది. సూది పైకెత్తి పట్టుకుంది. ఒక్కసారికే ఎక్కించింది. ముడి వేసి, నా వైపు చాపింది.

ఆ చెయ్యి అలాగే ఉంది. వెనక్కి తీసుకోలేదు. నన్ను చూడనూ లేదు.

తీసుకున్నాను.